మెరుపును మింగే గాజు

మా మామయ్య తీసిన ఫొటోలో బాగాలేని మనిషంటూ ఉండడు. ఇది మెచ్చుకోలు కాదు, ముందే చెబుతున్నాను. ఎత్తుపళ్ళ పెళ్ళికూతురు ఆయన ఫొటోలో సిగ్గుతో పెదవులు బిగించినట్టు ఉంటుంది. మెల్లకన్ను పెళ్ళికొడుకు ఏదో లోతుగా ఆలోచిస్తున్నట్టు ఉంటాడు. బట్టతలలు మెరవవు, గుంటలు పడ్డ బుగ్గలు నున్నబడతాయి, రెండు గడ్డాలున్నవాళ్ళకి ఒకటి మాయమవుతుంది. "నిన్ను చూస్తే ఎవరూ ఒప్పుకోరు గానీ, ముందు ఆయన దగ్గర ఫొటో దిగు" అని మా వీధి కుర్రాళ్ళు ఒకరినొకరు ఏడిపించుకునేవారు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. వీధివైపు గదిలో స్టూడియో, వెనక రెండు గదుల్లో అమ్మా నేనూ, మేడ మీద ఆయనా అత్తయ్యా. వాళ్ళకు పిల్లల్లేరు. నాన్న గురించి చెప్పడానికేమీ లేదు. నాకు ఊహ తెలిసేలోపే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, వెతికే ఓపిక అమ్మకు లేకపోయింది. నన్ను బడిలో వేసిందీ, సైకిలు నేర్పిందీ, జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తిందీ మామయ్యే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను అనబోయే మాటలు విని ఆయన నాకేమీ చెయ్యలేదని ఎవరూ అనుకోకూడదు. చేశాడు. అన్నీ ప్రేమగానే చేశాడు, నా కడుపుమంట కూడా అదే.

చెయ్యి మంచిదే గానీ గుప్పిట మాత్రం విప్పడు. మార్కెట్లో ఆయన్ని బేరాలరాయుడు అంటారు. కెమెరా, లెన్సులు కొనేటప్పుడు మరీ పీనాసితనం పనికిరాదని ఆయనకూ తెలుసు, అవి మంచివే కొన్నాడు. ఆయన రాయుడితనమంతా ఫిల్టర్ల దగ్గర బయటపడేది. ఫిల్టరంటే లెన్సు మూతికి మరతో బిగించే గాజుబిళ్ళ. ఒకటి దుమ్ము పడకుండా కాపాడుతుంది, ఒకటి ఎండను తగ్గిస్తుంది, ఒకటి ముఖాలను పొగమంచులో పెట్టినట్టు మెత్తబరుస్తుంది. ఖరీదైన వాటిలో సగం గాజు, సగం పేరు అని ఆయన సిద్ధాంతం. లెన్సుకో ఫిల్టరు కొనేవాడు తలకో ఇల్లు కట్టుకునేవాడితో సమానమట. అన్నిటికన్నా వెడల్పు మూతి ఉన్న లెన్సుకు సరిపోయేది ఒక్కటి కొనాలి, చిన్న లెన్సులకు మధ్యలో చవకరకం రింగు వేసి దాన్నే బిగించాలి. ఈ మాట ఆయన ఎంతమందికి చెప్పాడో, విన్నవాళ్ళు ఎంతమంది పారిపోయారో లెక్కలేదు.

చిన్నప్పుడు సెలవురోజుల్లో నన్ను వెంటబెట్టుకుని పాత కెమెరాల కొట్టుకు వెళ్ళేవాడు. కొట్టాయన ఒక రేకుడబ్బా నిండా ఫిల్టర్లు మా ముందు పెట్టి, తన పని తాను చూసుకునేవాడు, మేము ఇప్పట్లో కదలమని తెలుసు కాబట్టి. మామయ్య జేబులోంచి తెల్లకాగితం తీసి దాని మీద గాజు పెట్టేవాడు. కాగితం పసుపు తిరిగినా ఆకుపచ్చ తిరిగినా ఆ గాజు ఔట్. తర్వాత ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టుకునేవాడు. లైటు అందులో అద్దంలో పడ్డట్టు తెల్లగా పడిందా, పైన పూత లేనట్టు. ఊదాగానో ఆకుపచ్చగానో మసగ్గా పడిందా, పూత ఉన్నట్టు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గాజు రింగులో కదిలిన చప్పుడు రాకూడదు. లెన్సుకు బిగించి విప్పితే మర పట్టెయ్యకూడదు. అంచు మరీ లావుగా ఉంటే ఫొటో మూలలు నల్లబడతాయి, అదీ చూసుకోవాలి. ఇంతా చేసి, చివరికి ఒకటి ఎంచి, దాని మీద ఉన్న గీత చూపించి బేరం మొదలుపెట్టేవాడు. పిల్లనిచ్చేవాళ్ళు కూడా ఇంత పరీక్ష పెట్టరు బాబూ అని కొట్టాయన దణ్ణం పెట్టేవాడు. గీత అంచున ఉంటే ఫొటోలో పడదనీ, అందుకే గీత ఉన్నదాన్నే వెతికి పట్టుకున్నాననీ దారిలో మామయ్య నాకు చెప్పి నవ్వేవాడు. నాకు ఆయనంటే ఎంత గొప్పో.

నేను పెద్దయ్యాక అమ్మతోపాటే లాండ్రీలో చేరాను. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ టేబులుగుడ్డలు ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి పంపే పెద్ద షెడ్డు అది. అమ్మ ఇస్త్రీబల్ల దగ్గర, నేను గంజితొట్టి దగ్గర. కానీ నా కన్నంతా వ్యాను మీద. ఉతికిన గుడ్డలు ఊరంతా చేరవేసే వ్యాను. దాన్ని నడిపే ముసలాయన తీరికున్నప్పుడు నాకు షెడ్డు వెనక ఖాళీస్థలంలో నేర్పాడు. నేను దిగిపోయాక బండి నీదేనమ్మా అనేవాడు, మేనేజరు కూడా సరేనన్నాడు. ఆ ఆవిరిలోంచి బయటపడి, పక్క అద్దాలు దించుకుని ఊరంతా తిరగడం అంటే నాకు చాలు, ఇంకేమీ అక్కర్లేదు.

పంతొమ్మిదేళ్ళప్పుడు గంజితొట్టి గొట్టం ఊడి, కాగుతున్న గంజి నా మీద పడింది. మరిగే నీళ్ళయితే కాల్చి జారిపోతాయి. గంజి అలా కాదు, అతుక్కుని కూర్చుని తీరిగ్గా కాలుస్తుంది. ఎడమ దవడ కింద నుంచి మెడ, భుజం మొత్తం. ముఖానికేమీ కాలేదు, అదృష్టవంతురాలివి అని వచ్చినవాళ్ళందరూ అన్నారు. ఆ మాట అన్న ప్రతివాళ్ళనీ లేచి చెంప మీద కొట్టాలనిపించేది గానీ చెయ్యి లేవలేదు.

పుండు మానింది. మానడమే నా కొంప ముంచింది. మానుతూ మానుతూ చర్మం బిగుసుకుని, మెడ మీద తాళ్ళు పేనినట్టు గట్లు కట్టి, గడ్డాన్ని ఎడమ భుజం వైపుకు లాగి పట్టేసింది. తల కుడికి తిరగదు, పైకి లేవదు. నీళ్ళు తాగాలంటే నడుం వంచి మొత్తం మనిషిని తిప్పాలి. రోడ్డు దాటాలంటే పాదాలు జరుపుకుంటూ గుండ్రంగా తిరిగి చూసుకోవాలి. ఇక వ్యాను. కుడిపక్క అద్దం చూడలేని పిల్ల చేతికి బండి ఎలా ఇస్తానని మేనేజరు అడిగాడు, న్యాయంగానే. ముసలాయన పాపం, ఇంకో ఏడాది లాక్కొస్తాను, ఈలోగా మెడ బాగు చేయించుకో అన్నాడు. అంటే నా బతుకు ఆ ఏడాదిలో తేలాలి.

మామయ్య ఆ రోజుల్లో ఎంత చేశాడో చెప్పలేను. పళ్ళూ మందులూ కట్టుగుడ్డలూ అన్నీ ఆయనే తెచ్చాడు. ఒక్కటే తేడా గమనించాను. మాట్లాడేటప్పుడు నా నుదుటి వైపు చూసేవాడు. లేకపోతే నా వెనకున్న గోడ వైపు. నా యోగక్షేమాలు నన్ను కాక ఆ గోడను అడుగుతున్నట్టుండేది.

కట్లు కట్టే నర్సమ్మ ఒకరోజు ఒక మాట చెప్పింది. దూరపు పట్నంలో ఒక ఆసుపత్రికి బయటినుంచి డాక్టర్ల బృందం వస్తుందట. ఇలా బిగిసిపోయిన మచ్చలను కోసి, వేరేచోటి చర్మం అతికి, డబ్బు తీసుకోకుండా బాగు చేస్తారట. కాకపోతే వందలమంది అడుగుతారు, పట్టేది కొద్దిమందే, కాబట్టి ముందు ఫొటోలు చూసి ఎవరికి మరీ అవసరమో వాళ్ళనే పిలుస్తారు. ముందు నుంచీ, రెండు పక్కల నుంచీ ఫొటోలు కావాలి. మచ్చ తెలియాలి, మెడ ఎంతవరకు తిరుగుతుందో తెలియాలి. డబ్బు పెట్టి అదే పని చేయించుకోవాలంటే మేము నలుగురం అమ్ముడుపోయినా చాలదు.

"ఫొటోలే కదా. నేను చచ్చానా ఏంటి?" అన్నాడు మామయ్య.

ఆ పూట ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ చేతులు కట్టేసినట్టున్న మనిషికి తన చేతిలో ఉన్న పనే దొరికింది మరి. మొదట మామూలుగా కొన్ని తీసి చూసుకున్నాడు. నచ్చలేదు. మచ్చ నున్నగా, ప్లాస్టిక్ కాగితంలా ఉంటుంది కదా, కిటికీ వెలుతురు పడి తళతళా మెరుస్తోంది. మెరిసినచోట ఫొటోలో తెల్లటి అట్ట తప్ప ఏమీ లేదు. ఇలాంటివి పంపితే డాక్టర్లకు ఏం అర్థమవుతుంది, మచ్చ మచ్చలా కనపడాలి కదా అన్నాడు. ఆయన లెక్క ప్రకారం అది తప్పు కాదు. మెరుపు ఆ వృత్తికి శత్రువు. చెమట ముఖాలు, నూనె ముఖాలు, కళ్ళజోళ్ళు, బతుకంతా మెరుపుతోనే యుద్ధం చేసినవాడు. నా మెడ మీద కూడా అదే యుద్ధం మొదలుపెట్టాడు.

దానికి వేరే ఫిల్టరు ఉంది, పోలరైజర్. రెండు గాజులు ఒకదానిమీద ఒకటి ఉంటాయి, ముందున్నది గుండ్రంగా తిరుగుతుంది. తిప్పుతూ పోతే ఒకచోట నీళ్ళ మీద మెరుపు, అద్దం మీద మెరుపు, చర్మం మీద మెరుపు ఠక్కున మాయమవుతుంది. మెరుపును మింగే గాజు అంటాడు మామయ్య. ఆయన దగ్గరున్న పాతది కాస్త పసుపు పారేది. పెళ్ళిళ్ళకు అదే దివ్యంగా పనికొచ్చింది గానీ నా మెడకు పనికిరాదన్నాడు. నా మేనకోడలి ఒంటిరంగు ఉన్నది ఉన్నట్టు పడాలి అన్నాడు. వినండి, ఉన్నది ఉన్నట్టు!

ఆ గాజు కోసం మార్కెట్టంతా జల్లెడ పట్టాడు. కొత్తవాటి ధర విని వెనక్కొచ్చాడు. మరీ చవకవి తెల్లకాగితం పరీక్షలోనే పోయాయి. చివరికి పాత కెమెరాల కొట్లోనే ఒకటి దొరికింది. అంచు మీద కంపెనీ పేరు అరిగిపోయింది, అందుకే ఎవరూ కొనలేదు. గాజుకు పేరుతో పనేంటి, పని చేస్తే చాలు కదా అని మురిసిపోయాడు. సెల్‌ఫోన్ తెర మీద పెట్టి తిప్పి చూశాడట, తెర కాటుక పూసినట్టు నల్లబడిందట, అంటే సరుకు అసలుదే. ఇంటికొచ్చి అమ్మకు, అత్తయ్యకు ఆట చూపించాడు. బల్ల మీది అద్దం, నీళ్ళగ్లాసు, అమ్మ కళ్ళజోడు, అన్నిటి మెరుపూ తీసేసి చూపించాడు.

తర్వాత నన్ను కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరాలోంచి చూస్తూ ఆ గాజును మెల్లగా తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయాడు. "అమ్మయ్య" అన్నాడు. కాలిన తర్వాత ఆయన నా మెడను అంతసేపు చూడటం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మెరుపు పోయింది. మెరుపుతోపాటు గట్లు కూడా పోయాయి, ఎందుకంటే గట్టును గట్టుగా చూపించేది ఆ మెరుపే. లైటుకు తెల్లగుడ్డ కట్టి నీడలు లేకుండా చేశాడు, అలవాటుగా. ఇక కూర్చోబెట్టడం. ఏ పెళ్ళికూతురినీ ఎదురుగా దిష్టిబొమ్మలా కూర్చోబెట్టే మనిషి కాదు కదా.

"తల కదపొద్దమ్మా. నీకు కష్టం. భుజాలు కాస్త ఇటు తిప్పు, మోకాళ్ళు కూడా."

తల తిరగని పిల్లకు తల కింద ఉన్న మనిషిని తిప్పాడు. గడ్డం ఎడమ భుజం వైపు ఉంటే, భుజాన్నే పక్కకు తప్పించాడు. ముఖం సరిగ్గా కెమెరాకు ఎదురుగా వచ్చింది, మెడ నిటారుగా నిలిచినట్టు వచ్చింది. పక్క ఫొటోలూ అలాగే తీశాడు. ఆయనకు అది ఒక ఎత్తుగడ అని కూడా తోచలేదు. మనం అన్నం ముద్ద నోటికి పెట్టుకున్నట్టే ఆయన చేతులు వంకరను సరిచేస్తాయి.

ఫొటోలు చూసి అమ్మ ఏడ్చింది. ఫొటోలో ఉన్న పిల్లకు మెడ మీద కొంచెం రంగు మారిందంతే, టీ ఒలికిన మరకలా. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, ఆ ఫొటో ఎవరికైనా ముద్దొచ్చేదే. మామయ్య ఒకటి పెద్దది చేయించి స్టూడియో వీధివైపు అద్దంలో కూడా పెట్టాడు. దారినపోయేవాళ్ళు ఆగి చూసి, మాకూ ఇలాగే తీస్తారా అని లోపలికి వచ్చేవారు. నర్సమ్మ మాత్రం ఫొటోలు చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. ఇవి పంపుతారా, ఇంత బాగున్నాయేంటి అంది. మామయ్య దాన్ని పొగడ్త అనుకుని, అంతా గాజు మహిమ అంటూ పోలరైజర్ గురించి ఆమెకు మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. పాపం ఆమెకు వేరే కట్లు కట్టాల్సినవి ఉండి వెళ్ళిపోయింది. ఫొటోలు కూడా వెళ్ళిపోయాయి.

కబురు ఫోన్లో వచ్చింది. తనకు సరిగా వినపడదని అమ్మ స్పీకరు పెట్టింది, అందరం విన్నాం. గొంతు చాలా మర్యాదగా ఉంది. ఫొటోలు జాగ్రత్తగా చూశామనీ, అమ్మాయి మెడ నిటారుగానే ఉందనీ, మచ్చ కూడా చదునుగా మానిందనీ, దేవుడి దయవల్ల పెద్ద ఇబ్బందేమీ లేదనీ చెప్పింది. ఈ విడత మెడ కదపలేని వాళ్ళకే చేస్తున్నారట. అందం కోసం చెయ్యరట.

నేను మామయ్య వైపు చూశాను. చూశాను అంటే, కుర్చీతోసహా తిరిగి చూశాను. ఆయనకు అర్థం కాలేదు. సిఫార్సులున్నవాళ్ళకే అన్నీ జరుగుతాయని ఒంటికాలి మీద లేచాడు. వాళ్ళు చిన్న ఫొటోలు సరిగా చూసి ఉండరనీ, మనమే వెళ్ళి నిలదీద్దామనీ అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అని అత్తయ్య సణిగింది, ఎవరి ముందు అంటోందో చూసుకుని నాలిక కరుచుకుంది. మర్నాడు అమ్మా, ఆయనా, నేనూ బస్సెక్కాం. ఆయన చంకలో అట్టపెట్టె. అందులో అవే ఫొటోలు, బాగా పెద్దవి చేయించి తెచ్చాడు. సాక్ష్యమట.

ఆసుపత్రి వరండాలో బల్లల మీద మాలాంటివాళ్ళు నిండా ఉన్నారు. మా పక్కన ఒక తల్లీ కూతురూ. కూతురికి నా ఈడే ఉంటుంది, చెయ్యీ మెడా కొంత కాలింది. వాళ్ళకు పిలుపు వచ్చింది, ఆపరేషన్ మర్నాడేనట. ఏ ఫొటోలు పంపారని మామయ్య అడిగితే, ఆ తల్లి సెల్‌ఫోన్ తీసి చూపించింది. మిట్టమధ్యాహ్నం ఎండలో, పెరటిగోడ పక్కన, వంకరగా తీసిన ఫొటో. సగం వేలు అడ్డం పడింది. మచ్చ మాత్రం కరిగిన రబ్బరులా భగభగా మెరుస్తూ, ప్రతి గట్టూ నీడతో సహా లేచి కనపడుతోంది. వాళ్ళ నాన్న తీశాడట, ఆయనకు ఫొటోలు తియ్యడం రాదట. మామయ్య ఆ ఫోన్ చాలాసేపు వెనక్కి ఇవ్వలేదు. అప్పుడు ఆ అమ్మాయి నావైపు చూసింది. తల తిప్పి చూసింది. ఆ పిల్ల మెడ చక్కగా తిరుగుతోంది.

డాక్టరమ్మ ఒకావిడ అటుగా పోతూ నన్ను చూసి ఆగింది. దగ్గరికొచ్చి, నా గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి మెల్లగా లేపబోయింది. లేవలేదు. కుడికి తిప్పబోయింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె మామయ్య వైపు తిరిగింది.

"ఇంత బిగుసుకుపోయిన మెడ! ఈ అమ్మాయి ఫొటోలు మాకెందుకు పంపలేదు?"

మామయ్య అట్టపెట్టె తెరిచి ఇచ్చాడు. ఆమె ఫొటో చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫొటో చూసింది.

"ఇది ఈ అమ్మాయి చెల్లెలా?"

"కాదండీ, ఈమే. నేనే తీశాను," అన్నాడు.

చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ, ఆ 'నేనే'లో అప్పటికీ రవ్వంత గర్వం ఉంది. ఆ మనిషికి ఆ ఒక్కటీ చచ్చినా పోదు. చాలా బాగా తీశారు అంది డాక్టరమ్మ. ఎంత చల్లగా అందంటే, అమ్మ కూడా తల వంచేసుకుంది.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. చోట్లన్నీ నిండిపోయాయి. బృందం ఆ వారం ముగిశాక వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తారో రారో ఆమెకూ తెలియదు. ఎవరినైనా ఆపి నన్ను చేర్చమని అమ్మ ఆమె కాళ్ళ మీద పడబోయింది. పక్క బల్ల మీది తల్లి ఆ మాట విని కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. తప్పేముంది, నేనైనా అంతే చేసేదాన్ని. ఇంకా బిగుసుకోకుండా రోజూ నూనె రాసి, మచ్చను వేళ్ళతో నొక్కి లాగుతూ మర్దనా చెయ్యాలనీ, తలను కుడివైపుకు కాస్త కాస్త తోస్తూ ఉండాలనీ డాక్టరమ్మ చెప్పింది. నొప్పి పుడుతుంది, అయినా ఆపకండి అంది.

తిరుగు బస్సులో అమ్మ ముందు సీట్లో, నేనూ మామయ్యా వెనక. ఆయన నాకు కుడిపక్కన కూర్చున్నాడు, నాకు కనపడని పక్క. కావాలనే కూర్చున్నాడో ఏమో. నేను నడుముతో సహా తిరిగి ఆయన ముఖంలోకి చూశాను.

"మామయ్యా, నా మెడ నీకంత అసహ్యంగా ఉందా?" అని అడిగాను.

కాదంటాడనుకున్నాను. అయ్యో, అవేం మాటలమ్మా అంటాడనుకున్నాను. అలా అని ఉంటే బాగా తిట్టి, కొన్నాళ్ళకు మర్చిపోయేదాన్నేమో.

"చూడలేకపోయానమ్మా," అన్నాడు. "అందులోంచి చూస్తే చూడగలిగాను."

"నువ్వు చూడలేకపోతే నీ కళ్ళు మూసుకోవాల్సింది. వాళ్ళ కళ్ళు ఎందుకు మూశావు?" అన్నాను.

ఆయన ఒళ్ళోని అట్టపెట్టెను సీటు కిందికి తోసేశాడు.

ఇది జరిగి మూడేళ్ళు. ఆ బృందం మళ్ళీ రాలేదు. ముసలాయన చెప్పిన ఏడాదికంటే ఎక్కువే లాగాడు, పాపం, చివరికి కళ్ళు ఆనక దిగిపోయాడు. వ్యాను మేనేజరు బావమరిదికి పోయింది. వాడు గేరు మార్చినప్పుడల్లా బండి మూలుగుతుంది, షెడ్డులోంచి వింటూ మాసిన దుప్పట్లు విడదీస్తుంటాను. ఆ పనికి మెడ తిప్పక్కర్లేదు, అన్నీ కళ్ళముందే కుప్పగా ఉంటాయి.

స్టూడియో అద్దంలోంచి నా ఫొటో తీసేస్తానని మామయ్య అన్నాడు. తియ్యనివ్వలేదు. అది చూసి ఇప్పటికీ జనం వస్తారు. బేరం బాగానే సాగుతోంది.

పట్నం నుంచి రాగానే, మర్దనా సంగతి వచ్చినప్పుడు అమ్మ నూనెగిన్నె పట్టుకుని కూర్చుంది. నువ్వొద్దు అన్నాను. మామయ్యే చెయ్యాలి, ఇంకెవరు ముట్టినా ఊరుకోను అన్నాను. అమ్మ నా ముఖం చూసి గిన్నె ఆయన చేతికిచ్చింది. మొదటిరోజు ఆయన కళ్ళు గోడ వైపు పోతుంటే, ఇటు చూసి చెయ్యి, గట్టు ఎక్కడుందో చూడకపోతే ఎలా తెలుస్తుంది అన్నాను. చూశాడు. పట్టపగలు, కిటికీ దగ్గర, నూనెకు మచ్చ ఇంకా ఎక్కువగా మెరుస్తుంటే, ఒక్కో గట్టునూ వేలితో నొక్కి లాగాడు. నేను కేకలు పెట్టాను. ఆయన పైకి వెళ్ళి ఆ పూట అన్నం ముట్టలేదని అత్తయ్య చెప్పింది.

అప్పటినుంచీ ఒక్కరోజు మానలేదు. పెళ్ళిఫొటోలకు పొరుగూరు పోయినా తెల్లారేసరికి తిరిగొచ్చి చేసి పోతాడు. అత్తయ్య ఒకసారి నా పక్కన కూర్చుని, ఇక వదిలెయ్యవే, మనిషి సగమైపోయాడు, మీ అమ్మకు అప్పగించు అని బతిమాలింది. మెడ ఏమైనా తిరిగిందా అంటే, తిరిగింది, చిటికెనవేలంత. మచ్చ పడ్డ చర్మమంతా మొద్దుబారిపోయింది. సూది గుచ్చినా తెలియదు, గుచ్చి చూసుకున్నాను. లోపల కండ పీకడం కూడా ఎప్పుడో ఆగిపోయింది.

ఇవాళ పొద్దున కూడా గిన్నె పక్కన పెట్టుకుని కూర్చుని, వంగి, కళ్ళార్పకుండా చూస్తూ రాశాడు. "నొప్పిగా ఉందా తల్లీ?" అని అడిగాడు, రోజూ అడిగినట్టే. చాలా ఉంది మామయ్యా అన్నాను.